ఎనిమిది ఇస్త్రీపెట్టెల సంధానం

పొద్దున్న ఆరున్నరకి యెహెజ్కేలు మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి "జ్ఞానం, ఇవాళ నీకు నేను సాయం చేస్తాను" అన్నారు. జ్ఞానమ్మ గారు అప్పుడే జాగ్రత్తపడి ఉండాల్సింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి కుక్కరు పోయింది. రెండోసారి పెరటి గోడ పోయింది. అయినా ఆవిడ "మీ ఇష్టమండి" అన్నారు. అంత మంచి మనిషి ఆవిడ, ఏం చేస్తాం!

మాస్టారు కూడా తక్కువవారేం కాదు. నరసాపురంలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యారు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవరు అని ఆయన చాక్‌పీసు పట్టుకుని చెబుతుంటే చివరి బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు. ఆ చుట్టుపక్కల స్తంభమెక్కే లైన్‌మన్‌కీ, కింద నిలబడి సంతకం పెట్టే ఇంజనీరుకీ గురువు ఆయనే. ఒక్కటే చిన్న లోటు. ఇన్నేళ్లలో ఆయన చేత్తో ఒక్క ఫ్యూజు వేసిన పాపాన పోలేదు. ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడల్లా జ్ఞానమ్మ గారు స్టూలెక్కి వేస్తుంటే, మాస్టారు స్టూలు పట్టుకుని ఫ్యూజు ఎందుకు పోతుందో వివరించేవారు.

జ్ఞానమ్మ గారు చదివింది అయిదో తరగతి. లేసు అల్లడం మాత్రం ఎనిమిదో ఏట వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నారు. ఆవిడ చేతిలో సూదీ దారం పడితే ద్రాక్ష గుత్తులూ, చేప పొలుసులూ, నెమలి పింఛాలూ వాటంతట అవే వచ్చేవి. ఢిల్లీలో జరిగే పెద్ద ఎగ్జిబిషన్‌కి పదకొండేళ్లుగా దరఖాస్తు పెడుతున్నారు, పదకొండేళ్లుగా అవకాశం రాలేదు. ఈ ఏడు వచ్చింది. ఏడు నెలలు కూర్చుని అల్లిన మంచం దుప్పటి ఒకటి, దానికి తోడు అరవై చిన్న ముక్కలు. అన్నీ ఉతికి, గంజి పెట్టి, ఆరబెట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, సాయంత్రం నాలుగింటికల్లా స్టేషన్లో ఎగ్జిబిషన్ ఆఫీసు మనిషి చేతికి ఇవ్వాలి. అతను సాయంత్రం బండికి వెళ్లిపోతాడు. అందకపోతే జాబితాలో తర్వాత ఉన్నవాళ్లని పిలుస్తారు.

ఆ తర్వాత ఉన్నది ఎవరో కాదు, పక్కింటి శ్యామలాంబ గారు. ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఇరవై రోజులుగా ఆవిడ గోడ మీంచి పలకరించడం మానేశారు.

జ్ఞానమ్మ గారి ఏర్పాటు జ్ఞానమ్మ గారికి ఉంది. మూడు ఇస్త్రీపెట్టెలు, తనతో కలిసి పనిచేసే ఆడవాళ్లు ముగ్గురు. ఎనిమిదింటికి మొదలుపెడితే ఒంటిగంటకి చిన్నవన్నీ అయిపోతాయి. ఆ తర్వాత దుప్పటి తను స్వయంగా చూసుకుంటారు.

"మూడేంటి నీ మొహం! వీధిలో ఇంకో అయిదు తెస్తాను. ఎనిమిది పెట్టెలైతే రెండు గంటల్లో పనైపోద్ది" అన్నారు మాస్టారు.

"మన ఇంటికి మూడే ఆగుతాయండి. నాలుగోది పెడితే బుడ్డి పడిపోద్ది" అన్నారు జ్ఞానమ్మ గారు. ఎంసీబీని ఆవిడ బుడ్డి అంటారు.

"అది అనుభవం. నాది సైన్సు" అని మాస్టారు చొక్కా తొడుక్కుని వెళ్లారు. అయిదు ఇళ్లు తిరిగి అయిదు ఇస్త్రీపెట్టెలు తెచ్చారు. అందులో ఒకటి శ్యామలాంబ గారిది. ఆవిడ మాట్లాడకుండా లోపల్నుంచి తెచ్చి గుమ్మంలో పెట్టి తలుపేసుకున్నారట. మాస్టారు ఆ సంగతి గమనించను కూడా లేదు. ఆయన ధ్యాసంతా ఇంకోదాని మీద ఉంది. రిటైరైన రోజున శిష్యులు ఒక మీటరు బహూకరించారు. వోల్టేజీ చూపిస్తుంది, వైరుకి తగిలిస్తే ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూపిస్తుంది. ఆరేళ్లుగా అట్టపెట్టె విప్పే అవకాశం రాలేదు. ఇవాళ వచ్చింది.

హాల్లో వరసగా పాత దుప్పట్లు పరిచి, ఎక్స్‌టెన్షన్ బోర్డులు వేసి, ఎనిమిది పెట్టెలూ పెట్టి, మాస్టారు ఒకేసారి స్విచ్చి వేశారు. ఠప్పుమంది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, వంటింట్లో మిక్సీ ఆగింది.

"పడిపోయిందండి" అన్నారు జ్ఞానమ్మ గారు.

"ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకూడదు. ప్రయోగం కనీసం నాలుగుసార్లు చెయ్యాలి" అని మాస్టారు నాలుగుసార్లు చేశారు. నాలుగుసార్లూ పడిపోయింది.

అప్పుడు మాస్టారు చర్చి క్యాలెండర్లో పోయిన నెల కాగితం చింపి, వెనక తెల్లవైపు లెక్క మొదలుపెట్టారు. ఒక్క ఇస్త్రీపెట్టె పెట్టి మీటరు తగిలించి చూస్తే వోల్టేజీ రెండు వందల ఇరవై, కరెంటు నాలుగు పాయింటు నాలుగు ఆంపియర్లు. భాగిస్తే నిరోధం సరిగ్గా యాభై ఓములు. గుణిస్తే పవరు తొమ్మిది వందల అరవై ఎనిమిది వాట్లు. ఎనిమిది పెట్టెలకి ముప్ఫై అయిదు ఆంపియర్లు దాటింది. ఇంటి ఎంసీబీ చూస్తే పదహారుది. మూడింటికి పదమూడు చిల్లర, ఆగుతుంది. నాలుగుకి పదిహేడున్నర, ఆగదు.

"జ్ఞానం, తేలిపోయింది. మన ఇంటికి మూడే ఆగుతాయి!" అని ఆయన కేకేశారు.

"పొద్దున్నే అన్నాను కదండీ."

"నువ్వు అన్నావు. నేను నిరూపించాను."

పోనీ అక్కడితో ఆగారా? అరువు తెచ్చిన అయిదు పెట్టెలు వరసగా కూర్చుని ఆయన వంకే చూస్తున్నాయి. వాటిని పట్టుకుని మళ్లీ ఇంటింటికీ తిరగడం ఎంత నామోషీ! మాస్టారు నుదురు రుద్దుకున్నారు. కరెంటు ఎక్కువైంది కాబట్టి బుడ్డి పడింది. నిరోధం పెంచితే కరెంటు తగ్గుతుంది. ఎనిమిదింటినీ పక్కపక్కన కాకుండా ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిపితే నిరోధం నాలుగు వందల ఓములు. రెండు వందల ఇరవైని నాలుగు వందలతో భాగిస్తే అర ఆంపియరు పైన కాస్త! పదహారు ఆంపియర్ల బుడ్డికి అదొక లెక్కా? ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పిన పాఠం తన ఇంట్లోనే ఇలా పనికొచ్చినందుకు ఆయన కళ్లు చెమర్చాయి. వెంటనే ఎలక్ట్రీషియన్ అప్పారావుకి ఫోన్ చేశారు. అప్పారావు ఆయన దగ్గర టెన్త్ రెండుసార్లు చదివిన శిష్యుడు. ఆ సమయంలో కాలవ గట్టు మీద మోపెడ్ నడుపుతున్నాడు.

"అప్పారావూ, నాకు అర్జెంటుగా శ్రేణి సంధానం కావాలయ్యా."

"సంబంధమాండీ?" గాలి హోరులో అప్పారావు అరిచాడు.

"అదే. సంధానం. ఎనిమిది ఉన్నాయి. సీరీసు, సీరీసు!"

"సీరియల్ సెట్లు ఎనిమిదాండీ! ఆయ్, తెస్తానండి. ఎన్నింటికండి?"

"సాయంత్రం నాలుగింటికి బండెక్కించెయ్యాలి. ఏడు నెలల నుంచి మీ మేడం గారు దీనికోసమే కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు."

అప్పారావుకి అంతా అర్థమైపోయింది. మాస్టారి కూతురు దీవెన పాలకొల్లులో బ్యాంకులో పనిచేస్తోంది, ఇరవై ఆరేళ్లు. సంబంధం కుదిరింది. నాలుగింటికి నిశ్చితార్థం, ఆ వెంటనే మగపెళ్లివాళ్లు బండెక్కి వెళ్లిపోతారు. అంత హడావుడిలో కూడా మాస్టారు తననే పిలిచారు! అప్పారావు మోపెడ్ పక్కకి తీసి, ఆ ఆనందంలో తనకి తెలిసిన నలుగురికీ ఫోన్ చేసి చెప్పాడు.

తొమ్మిదిన్నరకి వచ్చాడు. లోపలికి తొంగి చూస్తే మాస్టారు క్యాలెండర్ కాగితం మీద వంగి ఉన్నారు. "వచ్చావా? కానీ, కానీ" అన్నారు తలెత్తకుండా. అప్పారావు కానిచ్చాడు. గేటు నుంచి డాబా పిట్టగోడ దాకా ఎరుపూ ఆకుపచ్చా బల్బుల సీరియల్ సెట్లు ఎనిమిది దిగేశాడు. గుమ్మం మీద 'శుభాకాంక్షలు' అని లైట్లతో రాసి ఉన్న అట్ట కూడా కట్టాడు. దానికి డబ్బులు అడక్కూడదని మనసులో అనుకున్నాడు. గురువుగారి ఇల్లు మరి.

గంట తర్వాత లోపలికొస్తే మాస్టారు బొమ్మ గీసిన కాగితం చేతిలో పెట్టారు. ఈ పెట్టె వైరు ఆ పెట్టెకి, ఆ పెట్టె వైరు ఇంకో పెట్టెకి. నిశ్చితార్థం రోజున ఇస్త్రీపెట్టెలకి ఈ దండకట్టుడు ఏమిటో అప్పారావుకి అంతుబట్టలేదు. పెళ్లివారి బట్టలు ఎక్కువ ఉండి ఉంటాయనుకున్నాడు. మాస్టారు చెప్పారంటే కరెక్టే. టెన్త్ రెండుసార్లు చదివినా ఆ నమ్మకం మాత్రం అతనికి సడలలేదు. పదకొండున్నరకి వైరింగ్ పూర్తయింది.

మాస్టారు స్విచ్చి వేశారు. ఎంసీబీ పడలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మీటరు చూస్తే అర ఆంపియరు పైన కాస్త, లెక్కలో వచ్చినంతే! ముగ్గురు ఆడవాళ్లూ చప్పట్లు కొట్టారు. అప్పారావు "అబ్బ! మాస్టారు మాస్టారేనండి" అన్నాడు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

జ్ఞానమ్మ గారు ఒక పెట్టె చేతిలోకి తీసుకుని, గడియారం వంక చూస్తూ పది నిమిషాలు ఆగారు. తర్వాత దాని అడుగున అరచెయ్యి పెట్టారు. పెట్టి, అలాగే ఉంచారు.

"వెచ్చగా ఉందండి. పసిపిల్లలకి కాపడం పెట్టుకోవచ్చు" అన్నారు.

మాస్టారు మళ్లీ కాగితం తీశారు. నిరోధం చూశారు, కరెంటు చూశారు గానీ, పవరు చూడటం మర్చిపోయారు. రెండు వందల ఇరవై వోల్టుల్ని ఎనిమిదింటికి పంచితే పెట్టెకి ఇరవై ఏడున్నర. దాన్ని అర ఆంపియరు చిల్లరతో గుణిస్తే పదిహేను వాట్లు. దాదాపు వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె దేవుడి పటం ముందు పెట్టే జీరో బల్బయి కూర్చుంది. మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

"లెక్క కరెక్టే జ్ఞానం" అన్నారు నీరసంగా.

"కరెక్టేనండి. గుడ్డ మీద ముడత మాత్రం పోలేదు" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. అది ఇంకా బాధగా ఉంది మాస్టారికి.

పన్నెండున్నర అయింది. ఎంసీబీ దించి వైర్లన్నీ విప్పి, సొంత పెట్టెలు మూడూ మామూలుగా పెట్టి మళ్లీ ఎత్తబోతే, ఈసారి అది పడలేదు, అసలు లేవనే లేదు. పొద్దున్న నాలుగుసార్లు జరిగిన ప్రయోగానికి దాని నడుం విరిగిపోయింది. అప్పారావు బజారుకి వెళ్లొచ్చి, "ఈ బోర్డుకి సరిపోయేది ఇక్కడ లేదండి. భీమవరం నుంచి తెప్పిస్తున్నారు, అయిదు దాటుద్దండి" అన్నాడు.

జ్ఞానమ్మ గారు అరవై ముక్కల బుట్ట పక్కన కూర్చున్నారు. ఒక ముక్క ఒళ్లో పెట్టుకుని అంచు సర్దుతున్నారు. పదకొండేళ్లలో రాలేదన్న ఒక్క ఉత్తరానికీ ఏడవని మనిషి కళ్లు మొదటిసారి నిండాయి. మాస్టారు అది చూశారు. తనంత మూర్ఖుడు ఈ జిల్లాలో లేడనిపించింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో "వందనాలండీ మాస్టారు గారూ!" అని వినిపించింది. చర్చి పాస్టరు ఆరోన్ అయ్యగారు చేతిలో బైబిలుతో నిలబడి ఉన్నారు. ఆయన వెనక వీధి ఆడవాళ్లు పది మంది దాకా, పట్టుచీరల్లో. అందరికంటే వెనక అరటిపళ్ల గెల పనిమనిషి చేత పట్టించుకుని శ్యామలాంబ గారు.

"దీవెన నిశ్చితార్థమంట, మాట మాత్రం చెప్పకూడదా వదినా? లేసు సంగతి వేరు, పిల్ల సంగతి వేరు కాదూ! నా కళ్ల ముందు పెరిగింది అది" అన్నారు శ్యామలాంబ గారు. ఇరవై రోజుల తర్వాత మొదటి మాట అది.

"ఎవరి నిశ్చితార్థం?" అన్నారు మాస్టారు.

"నాదేనంట!" అంటూ దీవెన వీధిలో స్కూటీ ఆపి పరిగెత్తుకొచ్చింది. "బ్యాంకులో మేనేజరు గారు స్వీట్లు అడుగుతున్నారు నాన్నా. నాకు తెలీకుండా నాకే నిశ్చితార్థమేంటి? కనీసం సెలవన్నా పెట్టుకోమని చెప్పాలి కదా!"

అందరూ మాస్టారి వంక చూశారు. మాస్టారు అప్పారావు వంక చూశారు. అప్పారావు పైన వేలాడుతున్న సీరియల్ సెట్ల వంక చూశాడు.

"మీరే కదండీ... సంబంధం, ఎనిమిది సీరియల్ సెట్లు, నాలుగింటికి బండెక్కించాలి అన్నారు."

"శ్రేణి సంధానం అన్నానురా! టెన్త్ రెండుసార్లు చెప్పాను కదరా నీకు!"

"రెండుసార్లూ అదే పాఠంలో పోయిందండి" అన్నాడు అప్పారావు తల దించుకుని.

పాస్టరు గారు ముందుగా నవ్వారు. తర్వాత దీవెన, తర్వాత వీధంతా నవ్వింది. నవ్వనిది ఒక్క శ్యామలాంబ గారే. ఆవిడ చూపు ఇస్త్రీ కాని బుట్ట మీద పడింది, అక్కణ్ణుంచి చల్లబడ్డ పెట్టెల మీదికి, అక్కణ్ణుంచి గడియారం మీదికి వెళ్లింది. ఒంటిగంట.

"బండి ఎన్నింటికి వదినా?"

"నాలుగింటికల్లా స్టేషన్లో ఇవ్వాలి" అన్నారు జ్ఞానమ్మ గారు.

ఆ క్షణాన శ్యామలాంబ గారు ఊరికే "అయ్యో" అని ఇంటికి వెళ్లిపోయి ఉంటే, ఢిల్లీ అవకాశం దానంతట అదే గోడ దాటి ఆవిడ ఒళ్లో పడేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జ్ఞానమ్మ గారు లేచి నిలబడి, ఏడు నెలల దుప్పటి తెచ్చి శ్యామలాంబ గారి చేతుల్లో పెట్టారు.

"అంచు సాగకుండా దీన్ని ఇస్త్రీ చెయ్యగలిగేవాళ్లు ఈ వీధిలో ఇద్దరమే ఉన్నాం. మీ ఇంట్లో మొదలుపెట్టు వదినా. వీళ్లకి ముక్కలు పంచేసి నేనూ వస్తాను, రెండో వైపు పట్టుకుంటాను."

 శ్యామలాంబ గారు పట్టుచీర కొంగు నడుముకి దోపి, దుప్పటి గుండెకి హత్తుకుని, తన పెట్టె తను తీసుకుని వెళ్లారు.

ఇక చూడాలి జ్ఞానమ్మ గారిని! వీధిలో లేసు అల్లడం రాని ఇల్లు ఎలాగూ లేదు. ఎవరి పెట్టె వాళ్ల చేతికిచ్చారు, తన మూడూ ఇంకో మూడు ఇళ్లకి పంపారు. ఎవరి చెయ్యి ఎలాంటిదో ఆవిడకి తెలుసు. సున్నితమైన చేతికి ద్రాక్ష గుత్తులు, బరువైన చేతికి చేప పొలుసులు. "తడిగుడ్డ వేసి, తిరగేసి చెయ్యండమ్మా. పెట్టె లాగొద్దు, ఎత్తి పెట్టండి" అని ఒక్కొక్కరికీ చెప్పి, అయిదు నిమిషాల్లో బుట్ట ఖాళీ చేశారు. పాస్టరు గారు అట్టపెట్టెలకి టేపు అంటించే పనిలో పడ్డారు. దీవెన స్కూటీ మీద మడతలు చేరవేసింది. అప్పారావుని ఏ వైరూ ముట్టుకోకుండా అరుగు మీద కూర్చోమన్నారు.

మాస్టారికి ఏ పనీ చెప్పలేదు. ఆయన మీటరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మొదటి ఇంట్లో వోల్టేజీ రెండు వందల ఇరవై, కరెంటు నాలుగు పాయింటు నాలుగు. రెండో ఇంట్లోనూ అంతే. ఎనిమిదో ఇంట్లోనూ దాదాపు అంతే. ఏ పెట్టెకీ వోల్టేజీ తగ్గలేదు, ఏ ఇంట్లోనూ బుడ్డి పడలేదు. ఎవరి మీటరు వాళ్లది, ఎవరి వేడి వాళ్లది, పని మాత్రం అందరిదీ. నడివీధిలో ఎండలో నిలబడి మాస్టారు తలెత్తి చూస్తే, ఒకే లైను నుంచి ఇంటింటికీ విడివిడిగా దిగిన వైర్లు కనిపించాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు నల్లబల్ల మీద ఆయన గీసిన బొమ్మే అది. దాన్ని ఇలా నిజంగా కట్టి చూపించింది అయిదో తరగతి చదివిన తన భార్య! మాస్టారికి పుస్తకం మూసేసి ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

మూడుంపావుకి అరవై ముక్కలూ వచ్చేశాయి. మూడున్నరకి దుప్పటి ఒక చివర జ్ఞానమ్మ గారు, ఇంకో చివర శ్యామలాంబ గారు పట్టుకుని తెచ్చారు. నెమలి పింఛాలు ఒక్కొక్కటీ లేచి నిలబడ్డాయి. వీధంతా చుట్టూ మూగి చూసింది. పాస్టరు గారు చిన్న ప్రార్థన చేశారు, ఆయన వచ్చింది దానికే కదా. ఆటోలో పెట్టెలు ఎక్కించి, ఇద్దరు వదినలూ వాటికి చెరో పక్కా కూర్చుని స్టేషన్‌కి వెళ్లారు. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా ఆఫీసు మనిషి చేతికి అందించారు.

సాయంత్రం ఇంటికొచ్చాక మాస్టారు ఆవిడకి కాఫీ తనే పెట్టి ఇచ్చారు. గ్యాస్ స్టవ్వు మీద కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు.

"జ్ఞానం, నువ్వు చేసినదాన్ని సమాంతర సంధానం అంటారు" అన్నారు మెల్లగా.

"ఏమోనండి. ఎవరింట్లో వాళ్లు చేస్తే బుడ్డి పడదని చేశాను."

"అదేలే. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు అన్నాను. నువ్వు నిరూపించావు."

ఆవిడ నవ్వారు. బయట అప్పారావు కొత్త ఎంసీబీ బిగించి, తలుపు దగ్గర నిలబడి సీరియల్ సెట్లు విప్పెయ్యమంటారా అని అడిగాడు. గోడ అవతల్నుంచి శ్యామలాంబ గారే జవాబు చెప్పారు: "ఉండనియ్యి అబ్బాయ్, వెయ్యి!"

స్విచ్చి వెయ్యగానే ఎనిమిది సెట్లూ గేటు నుంచి డాబా దాకా జిగేలుమన్నాయి. ఇంత సింగారించిన ఆ ఇంట్లో నెమలి పింఛాల పెళ్లికూతురు మాత్రం లేదు, అప్పటికే నాలుగు మడతలు పెట్టుకుని ఢిల్లీ బండెక్కింది.